నావి కాని చిల్లులు

ఆగస్టు 11

డ్రాయింగ్ క్లాసులో ఈరోజు నా వంతు. నెలంతా గీసిన కాగితాలు గోడకి అంటించమంది మేడమ్. కాయలు, ఆకులు, కుర్చీ, నా ఎడమ చెయ్యి. ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, ఇంతకు ముందు ఏం పని చేసేదానివి అని అడిగింది. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసేదాన్ని అన్నాను. తెలుస్తూనే ఉంది అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు వెగటు పుట్టించింది. నలభై అయిదేళ్ళ మనిషిని, ఉద్యోగం మానేసి టెక్స్‌టైల్ కోర్సులో చేరి, ఇరవై ఏళ్ళ పిల్లలతో కలిసి నామీద నేనే నవ్వుకోవడం.

ఇంటికొచ్చి మళ్ళీ చూశాను. ఆవిడ తప్పేం అనలేదు. ఒక్క గీతా అదుపు తప్పలేదు. ఆకు కూడా ఇస్త్రీ చేసినట్టుంది.

ఆగస్టు 12

శుభ్రత కూడా ఒక జబ్బేనేమో.

ఆగస్టు 30

అల్లిక మొదలైంది. నా వయసు చూసి, నాకు వచ్చేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. సూదులు పట్టుకోవడం కూడా రాదు. పచ్చి ఉన్ని చేతికి జిడ్డుగా తగులుతుంది, తడిసిన గొర్రె వాసన. ఇంటికొచ్చాక కూడా ఆ వాసన గోళ్ళ కిందే ఉంది.

పక్క సీటు పిల్ల నేర్పింది. క్లాసులో అందరికంటే చిన్నది, పేరు మాత్రం బామ్మ. ఎండలో కూడా శాలువా కప్పుకుంటుందనీ, కూర్చున్నా లేచినా హమ్మయ్య అంటుందనీ ఆ పేరు పెట్టారు. నన్నేమో ఆంటీ అంటారు. బామ్మ నన్ను ఆంటీ అని పిలుస్తుంటే వినేవాళ్ళకి వరస కుదరదు.

దారాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకోకండి ఆంటీ, అదెక్కడికీ పారిపోదు అంది.

సెప్టెంబరు 22

రేపటి నుంచి సెలవులు. ఇప్పటిదాకా అల్లిన శాంపిళ్ళు బూడిదరంగువి, ఎర్రవి, ఆకుపచ్చవి అన్నీ చెప్పుల పెట్టెలో పెట్టాను. కదలకుండా అత్తగారి పాత శాలువాలో చుట్టాను. అన్నీ చదరంగా ఉన్నాయి, అన్ని అంచులూ తిన్నగా ఉన్నాయి. చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. ఎవరో ఇంకొకరి కోసం చేసినట్టున్నాయి.

పెట్టె మంచం కిందికి తోశాను.

అక్టోబరు 18

రేపు శాంపిళ్ళు చూపించాలి. పెట్టె లాగి మూత తీశాను.

మొదట ఇసుక అనుకున్నాను. అడుగున బూడిదరంగు ఇసుక, ఎర్ర ఇసుక, ఆకుపచ్చ ఇసుక. ఏ శాంపిల్ కింద ఆ రంగు. ఇంత తీసి వేళ్ళ మధ్య నలిపాక అర్థమైంది, అది ఇసుక కాదు. ఉన్ని తిన్న పురుగు వేసిన రెట్ట. ఏ రంగు తింటే ఆ రంగే వేస్తుందట. అప్పటికే నా వేళ్ళకి అంటుకుంది.

తర్వాత కదలిక కనిపించింది. బియ్యపు గింజంత సంచులు, ఉన్ని పీచుతోనే చేసుకున్నవి. ఒక్కో సంచిలోంచీ పసుపు రంగు తల బయటికొచ్చి, కాస్త దూరం ఈడ్చుకుని, మళ్ళీ లోపలికి పోతోంది. శాలువా మడతలోంచి ఒక చిన్న బంగారు రంగు రెక్కల పురుగు ఎగరకుండా పరిగెత్తి చీకట్లో దూరింది. నేను అల్లిన చదరాలు లేవు. అంచులున్నాయి, మధ్యలు లేవు. ఉన్న చోట కూడా బట్ట పుండు మీద చర్మంలా ఉంది.

సింకు దగ్గర నిలబడి మోచేతులదాకా కడిగాను. అత్తగారు వచ్చి, పెట్టెలోకి తొంగి చూసి, చిమ్మటలు అన్నారు, తెలిసిన చుట్టాలు దిగినంత మామూలుగా. శాలువాలో ఇవున్నాయని మీకు తెలుసా అని అడిగాను. లేకపోతే బంగారంలాంటి శాలువా కప్పుకోవడం ఎందుకు మానేశాననుకున్నావమ్మాయ్ అన్నారు.

అక్టోబరు 19, ఉదయం

చూపించడానికి ఇంకేం లేదు. అన్నిటిలో పెద్దది బూడిదరంగుది. బాల్కనీలో పెట్టి పాత పళ్ళ బ్రష్‌తో రెట్ట దులిపాను, కనిపించిన సంచులన్నీ సూదితో పీకేశాను. ప్రతి సంచికీ నా వీపు ఒకసారి జలదరించింది. ఉతకాలి, కానీ ఉతికితే ఉన్న నాలుగు పోగులూ ఊడిపోతాయి. ఉతకలేదు.

సాయంత్రం

ఇది రాయాలంటే కూడా రోతగా ఉంది.

అన్నీ చూస్తూ వచ్చి, నా దాని దగ్గర ఆగిపోయింది మేడమ్. దగ్గరికి వంగింది, దూరం జరిగింది. ఎక్కడ ఆపాలో నీకెలా తెలిసింది అని అడిగింది. ఆపలేదండీ, వదిలేశాను అన్నాను. అది అబద్ధం కాదు. ఇంకో మాట అనేలోపు ఆవిడ క్లాసు వైపు తిరిగి, విన్నారా, వదిలేసిందట, నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది ఇదే అంది. అందరూ చుట్టూ మూగారు. బామ్మ నా భుజం మీద చెయ్యేసి, ఆంటీ, ఇంట్లో ఏదో అయ్యుంటుంది మీకు, లేకపోతే ఇలా రాదు అంది.

మగ్గాల గది గుమ్మం పక్కన పెట్టిస్తాను, వచ్చేపోయేవాళ్ళందరూ ముందు ఇది చూడాలి అంది మేడమ్. పెట్టించింది కూడా.

ఈయనకి చెప్పాను. తిన్నది పురుగులు, మార్కులు నీకు, వాటికి కూడా ఓ సర్టిఫికెట్ ఇస్తారేమో కనుక్కోరాదూ అన్నారు.

అక్టోబరు 21

మేడమ్ పాతికేళ్ళుగా బట్టల మధ్య బతికిన మనిషి. చిమ్మట తెలియక కాదు. ఒకసారి మెచ్చుకున్నాక అందులో పురుగు కనిపించదు.

నవంబరు 6

పెద్ద పని ఇదే పద్ధతిలో చెయ్యమంది. మార్చిలో జ్యూరీకి, బయటివాళ్ళొచ్చి చూసి తేల్చే పరీక్షకి. ఈసారి నేత.

చిల్లులు పెట్టడం ప్రాక్టీసు చేస్తున్నాను, ఈ వాక్యం చదివితే మనిషికి మతి పోయిందంటారు. కత్తెరతో పెట్టాను. కుట్లు కావాలని జారవిడిచాను. అగరొత్తితో కాల్చాను, ఇల్లంతా వెంట్రుకలు కాలిన కంపు, అత్తగారు ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుని, శ్మశానం ఇంటికే తెచ్చావా అన్నారు. పెట్టిన ప్రతి చిల్లూ గుండీ కాజాలా ఉంది. దూరదూరంగా, సమంగా, మర్యాదగా.

చిల్లు పెట్టడంలో కూడా క్లెయిములు చూసే మనిషే.

నవంబరు 9, మధ్యాహ్నం 3

ఆ పెట్టె ఇంకా పారేయలేదు. బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక ఉంది. పారేస్తానని రోజూ ఈయనకి చెప్తున్నాను.

ఈరోజు భూతద్దం తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాను. ఒక పురుగు బూడిదరంగు ముక్క మీంచి ఎర్ర ముక్క మీదికి వచ్చింది. సంచికి కొత్తగా అతికించుకుంటున్న అంచు ఎరుపు. వెనక సగం బూడిదరంగు, ముందు ఎర్ర చార. తింటూనే నేసుకుంటోంది. ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది, కానీ కళ్ళు తిప్పుకోలేదు.

గీశాను. తొందరగా అయిపోతే చాలు అని గీశాను. చూడాలని లేని దాన్ని చూస్తూ గీస్తే చెయ్యి ఆగదు, దిద్దుకోదు. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకచోట కాగితం చిరిగింది. గీసిన బొమ్మ చూస్తే డోకు వచ్చింది.

ఇన్నాళ్ళలో నేను గీసిన వాటిలో ఇదొక్కటే బతికున్నట్టుంది.

నవంబరు 10

మళ్ళీ గీశాను. అన్నం ముందు కూర్చుంటే తినబుద్ధి కాలేదు.

నవంబరు 27

అనుకోకుండా ఒక సంగతి తెలిసింది. తెల్ల ఉన్ని ముక్క మీద నిన్న సూపు ఒలికింది. దులిపి పెట్టెలో పడేశాను. ఈరోజు చూస్తే పురుగులన్నీ ఆ మరక మీదే. మిగతా బట్ట ముట్టలేదు. లైబ్రరీలో చదివాను. శుభ్రమైన ఉన్ని వాటికి ఉప్పులేని కూడు. తిండి మరక, చెమట, ఒంటి జిడ్డు ఉంటేనే ఇష్టంగా తింటాయట. నూలు అసలు ముట్టవు, అరగదు.

అంటే మరక ఎక్కడ వేస్తే చిల్లు అక్కడ. అంటే మరకతో బొమ్మ గియ్యొచ్చు.

ఈ ఆలోచనకి సంతోషపడ్డానని గుర్తించి నామీద నాకే ఏవగింపు కలిగింది.

డిసెంబరు 5

మగ్గం ఎక్కించాను. పడుగు నూలు, పేక ఉన్ని. నిలువు పోగులు పురుగు ముట్టనివి, అడ్డం పోగులు తినేవి. మేడమ్ చూసి, నూలెందుకు కలిపావు అంది. చూద్దామనండీ అన్నాను. ఈమధ్య నేను ఏమన్నా గొప్పగానే వినిపిస్తోంది ఆవిడకి.

పక్క మగ్గం బామ్మది. గుమ్మానికి దగ్గరగా, నా చిల్లుల బట్ట వేలాడే గోడ పక్కనే. తెల్ల ఉన్ని మీద తెల్ల ఉన్ని నేస్తోంది. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప అందులో గీతలు కనిపించవు. జ్యూరీలో గట్టెక్కితే ఒక నేత స్టూడియోలో ఆమెకి చోటు ఖాయం, వాళ్ళు ముందే మాటిచ్చారు. నేసినంత మేరా మగ్గం ముందున్న కర్రకి చుట్టుకుంటూ పోతోంది, విప్పి చూసుకోదు. ఎందుకూ అంటే, వండుతూ రుచి చూస్తే ఆకలి చస్తుంది ఆంటీ అంది. తర్వాత హమ్మయ్య అంది.

డిసెంబరు 19

నా బట్ట అయింది, మగ్గం మీంచి కోశాను. బామ్మది మగ్గం మీదే ఉంది. సెలవులకి ఊరెళ్తూ పైన దుప్పటి కప్పి, నా బిడ్డని చూస్తూ ఉండండి ఆంటీ అంది.

జనవరి 8

బట్ట మురికి చెయ్యాలి. వేరే ముక్క మీద సూపుతో గీసి చూశాను, మళ్ళీ డిజైన్‌లాగే వచ్చింది. చెయ్యి పెడితే చాలు, పద్ధతి వచ్చేస్తుంది. చెయ్యి పెట్టకూడదు.

అందుకని ఒంటికి చుట్టుకున్నాను. చంకల కింది నుంచి నడుం దాకా, జాకెట్టు లోపల, చర్మానికి ఆనించి. స్నానం చెయ్యడం మానేశాను.

జనవరి 12

ఉన్ని కొరుకుతోంది. చెమట పట్టి ఆరి, మళ్ళీ పట్టి ఆరి, వీపు మీద అట్ట కట్టింది. నా వాసన నాకే మెడ దగ్గర్నుంచి పైకి వస్తోంది. పులిసిన పిండి, తడి సాక్సు, ఇంకేదో. ఇన్నేళ్ళుగా ఇది లోపల పెట్టుకుని పైన పౌడరు రాసుకుని ఆఫీసుకెళ్ళానన్నమాట.

ఈయన దిండు తీసుకుని ముందు గదిలోకి మారారు. ఇది కోర్సా, దీక్షా అన్నారు. అత్తగారు, పాపం దానికి నలభైల్లో ఒంట్లో మార్పులు వస్తాయిరా అని నన్ను వెనకేసుకొచ్చారు. కోపం రావాలి. నవ్వొచ్చింది.

జనవరి 17

విప్పాను. వీపు కందిపోయింది. బట్ట పెట్టెలో వేసి మూత పెట్టాను. స్నానం చేస్తుంటే ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. నీళ్ళు బూడిదరంగులో కాలువలోకి పోయాయి.

జనవరి 30

మూత తియ్యడం లేదు. చెవి ఆనిస్తే ఏమీ వినపడదు. వినపడుతుందని ఎవరన్నారు.

ఫిబ్రవరి 18

తీశాను.

చంకల కింద పూర్తిగా పోయింది. వీపు గాడి వెంట నిలువుగా పోయింది. నడుం ముడత పడే చోట రెండు పక్కలా పోయింది. కానీ చిల్లులు కావు. ఉన్ని పోయిన ప్రతిచోటా నూలు పడుగు అలాగే నిలబడి ఉంది, సన్నగా, వంకరగా, పెన్సిల్ గీతల్లా. ఎవరో బట్టలోంచి బట్టని తీసేసి డ్రాయింగు మాత్రం వదిలేసినట్టు.

రెట్ట దులుపుతూ ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. కంపు కొడుతోంది. ఏ పురుగు ఎక్కడ తినాలో చెప్పింది నేనే. చెప్పింది నా చెమట. అయినా అనుమానమే. బట్టకి చెమట పట్టించడం ఒక పనా?

అయినా ఈ బట్ట నాది. మొదటిసారి ఈ మాట రాస్తున్నాను. జ్యూరీకి దీన్నే పెడతాను.

ఫిబ్రవరి 22

జ్యూరీకి ముందు రివ్యూ. నాది తీసుకెళ్ళలేదు, ఇంకా దులపాలి. మంచిదే అయింది. కాదు, మంచిది ఏమీ కాలేదు.

బామ్మ తెల్ల బట్ట గోడకి వేలాడుతోంది. నిండా చిల్లులు.

మేడమ్ లోపలికి వచ్చి చూసి, గుమ్మం పక్కనున్న నా బూడిదరంగు ముక్క వైపు చూసి, మళ్ళీ ఇటు చూసింది. ఏమిటిది అంది. బామ్మ, నేను పెట్టలేదండీ, వాటంతట అవే వచ్చాయి అంది. క్లాసు నవ్వింది. మేడమ్ నవ్వలేదు. చిల్లులు వాటంతట అవి వస్తే ఇంత లెక్కగా రావు, చూడండి, ఇక్కడున్నదే జానెడు కింద, మళ్ళీ జానెడు కింద, ఇంత చక్కని రిపీటు ఏ దేవుడు వేశాడమ్మా అంది. ఆమె కష్టపడి చేరుకున్న దాన్ని నువ్వు పక్క మగ్గం మీద కూర్చుని ఎత్తుకొచ్చావు, కాపీ కొట్టినా కాస్త సిగ్గుగా కొట్టాలి అంది. ఆమె అంటే నేను. కాపీ పనిని జ్యూరీకి పంపేది లేదంది.

బాత్రూంలో బామ్మ కుళాయి తిప్పి పెట్టి ఏడ్చింది. నిన్న సాయంత్రం కర్ర మీంచి విప్పితే ఇలా ఉందట. మళ్ళీ నెయ్యడానికి టైము లేదు, మేడమ్‌కి చిల్లులంటే ఇష్టమే కదా అని ఏమనకుండా వేలాడదీసిందట. దారం కుళ్ళిపోయి ఉంటుందా ఆంటీ అని అడిగింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మీరు మీవి ఎలా చేశారో చెప్పండి, నేను అలా చెయ్యలేదని నిరూపించుకుంటాను అంది.

నేను చెయ్యి కడుక్కుంటూ నిలబడ్డాను. చెప్తాను అన్నాను. ఎప్పుడో చెప్పలేదు.

ఫిబ్రవరి 22, సాయంత్రం

రిపీటు ఎలా వచ్చిందో నాకు తెలుసు. సెలవులంతా కర్రకి చుట్టి, దుప్పటి కింద, చీకట్లో, ఎవరూ కదపకుండా ఉంది. పురుగు పొర తర్వాత పొర తింటూ లోపలికి పోయింది. విప్పితే ఒకే చిల్లు వరసగా కిందికి దిగింది. తెల్ల ఉన్ని మీద తెల్ల రెట్ట, పిల్లకి కనపడదు.

నేను ఉతకని ముక్క ఆ మగ్గానికి చెయ్యి చాచినంత దూరంలో నాలుగు నెలలుగా వేలాడుతోంది. నేను పీకింది పురుగుల్ని. గుడ్లని కాదు.

వేరేచోటి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. కిటికీలోంచి. పాత ఉన్ని బస్తాల్లోంచి. ఇలా అనుకోగలుగుతున్నందుకు నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 24

మేడమ్ గదికి వెళ్ళి చెప్పాను. ఆ ముక్క పురుగులు తిన్నదండీ, నేనేం చెయ్యలేదు, బామ్మ బట్ట కూడా వాటి పనే.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చాలా ప్రేమగా చూసింది. ఆ చూపు నాకు పురుగుకంటే ఎక్కువ జుగుప్స కలిగించింది. తల్లి మనసు నీది, ఆ పిల్లని కాపాడటానికి నీ పనిని నువ్వే తక్కువ చేసుకుంటున్నావు అంది. కాదండీ అన్నాను. ఆడవాళ్ళం మనం చేసిందాన్ని మనమే చెయ్యలేదంటాం, ఆ జబ్బు ముందు వదిలించుకో అంది. టీ తెప్పించింది. తాగాను కూడా.

ఫిబ్రవరి 25

ఊరుకోవచ్చు. చెప్పాను, ఆవిడ నమ్మలేదు, నా బాధ్యత తీరింది. ఆఫీసులో ఇలాంటి ఫైళ్ళు ఎన్ని మూశాను.

నా బట్ట తీసి చూసుకున్నాను. ఊరుకుంటే ఇది గోడ మీద ఉంటుంది. నోరు విప్పితే ఇది పురుగుల పని. నోరు విప్పకపోతే ఇది దేని పనో.

మార్చి 3

జ్యూరీ.

పెద్ద టేబులు, అవతల మేడమ్, బయటినుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, ఒకావిడ. నా బట్ట గోడకి పెట్టాను. పక్కన పురుగుల డ్రాయింగులు పెట్టాను. చెప్పుల పెట్టె టేబులు మీద పెట్టి మూత తీశాను.

మేడమ్ ముందు నవ్వుతూ వంగింది. తర్వాత కుర్చీ వెనక్కి పడేలా లేచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక పెద్దమనిషి, ఏమిటండీ ఇవి, బతికున్నాయా అన్నాడు. బతికే ఉన్నాయండీ, గుమ్మం పక్కనున్నది ఇవే తిన్నాయి, పక్క మగ్గం మీద బట్ట వీటి పిల్లలు తిన్నాయి, ఆ అమ్మాయి ఏమీ కాపీ కొట్టలేదు, రిపీటు చుట్టిన బట్టది అన్నాను.

మరి ఈ బట్టలో నీ పనేమిటి అని అడిగింది బయటావిడ. తప్పు ప్రశ్న కాదు. నేను నన్ను రోజూ అడిగేదే.

గోడ మీంచి బట్ట తీసి, అందరిముందూ ఒంటికి చుట్టుకున్నాను. చంక కింది ఖాళీ చంక కింద పడింది. నడుం దగ్గరది నడుం దగ్గర పడింది. వీపు తిప్పి చూపించాను. ఎక్కడ చెమట పడితే అక్కడ తిన్నాయండీ, స్నానం చెయ్యకుండా కట్టుకున్నాను అన్నాను. గది వేడికి వాసన లేచింది. ఒకాయన జేబురుమాలు తీశాడు. బయటావిడ డ్రాయింగుల వైపు తిరిగి, మొదటిది చూసి, రెండోది చూసి, మూడోదాని దగ్గర ముఖం తిప్పేసుకుంది. మళ్ళీ తిరిగి చూసింది.

మూత పెట్టమ్మా, ముందు మూత పెట్టు అంది మేడమ్.

మార్చి 4

మగ్గాల గదికి తాళం. ఉన్ని అంతా సంచుల్లో కట్టి, చలికి గుడ్లు చావాలని ఫ్రీజర్లకి పంపారు. గుమ్మం పక్కన మేకులు మాత్రం మిగిలాయి.

తీర్పు: డ్రాయింగులో పాస్. నేతలో లేదు, విద్యార్థి చెయ్యని పని లెక్కలోకి రాదట. సెమిస్టరు మళ్ళీ చెయ్యాలి. ఇల్లు శుభ్రం చేయించినట్టు రుజువు తెచ్చేదాకా బిల్డింగులోకి ఉన్ని తేకూడదు. బామ్మకి కాపీ మాట కొట్టేశారు, మళ్ళీ నెయ్యడానికి జూన్ దాకా టైము ఇచ్చారు. స్టూడియోవాళ్ళు ఆగుతామన్నారట.

మేడమ్ వరండాలో ఆపింది. ముఖం పాలిపోయి ఉంది. ఆరోజే ఒక్క మాట అనుంటే నేనింత వెర్రిదాన్ని అయ్యేదాన్ని కాదు కదా అంది. నిజమే. తర్వాత, నడుం దగ్గరది మాత్రం బాగుంది అంది, చాలా మెల్లగా, తనకే ఇష్టంలేనట్టు.

మార్చి 6

బామ్మ ఫోనెత్తింది. సారీ చెప్పాను. మీరు చెప్పింది నాకోసం కాదు ఆంటీ, మీకు నిద్ర పట్టక అంది. అవునమ్మా అన్నాను. మళ్ళీ తెల్లదే నేస్తావా అని అడిగాను. మీకెందుకు అంది. పెట్టేసే ముందు అలవాటుగా హమ్మయ్య అనబోయి మింగేసింది. వినిపించింది.

మార్చి 15

మనుషులొచ్చి ఇల్లంతా మందు కొట్టారు. అత్తగారి శాలువానీ ఆ చెప్పుల పెట్టెనీ పట్టుకెళ్ళి తగలబెట్టించారు ఈయన. ఆవిడ ఏడుస్తారనుకున్నాను. పీడా పోయింది, ఇక కోడలికి చెప్పులు పెట్టుకోవడానికి ఓ పెట్టె కొనిపెట్టరా అన్నారు.

నా బట్ట సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టాను, ఐసు ట్రే పక్కన. మందు వాసన కంటే దాని వాసనే నయం అనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పను.

మార్చి 29

కొత్తగా అల్లిన తెల్ల ఉన్ని ముక్క చర్మానికి ఆనించి కట్టుకున్నాను. పెట్టె లేదు, పురుగులు లేవు. దురద పెడుతోంది. దురద ఎక్కడ పెడితే అక్కడ, చూడకుండా, ఆ బట్ట మీదే పెన్సిల్‌తో గీస్తున్నాను. వీపు మీద ఒకచోట చెయ్యి అందడం లేదు. ఈయన్ని పిలిచాను. ముక్కు మూసుకుని వచ్చారు, పెన్సిల్ ఇటివ్వు అన్నారు.